పురుగు చంద్రిక ఎక్కేదాకా

మొన్న మా మనవరాలు మిఠాయి డబ్బా పట్టుకొచ్చి, నర్సింగ్ హోములో పని మానేసి పెద్దాసుపత్రిలో చేరినానవ్వా అని కాళ్ళకు మొక్కింది. ఇంట్లో తినేవాళ్ళం ముగ్గురం, అందులో ఒకరికి షుగరు, ఇంత పెద్ద డబ్బా ఎవరికని ముందు కసురుకొని, ఆ తరువాత దీవించాను. మా కోడలు ఆ మిఠాయి వీధి పొడుగునా పంచి వచ్చింది. ఆ పిల్లకు అక్కడి నుంచి ఇక్కడికి మారడమంటే ఎక్కే బస్సు మారడం, తొడుక్కునే బట్ట రంగు మారడం, నెలాఖరుకు చేతికొచ్చేది కాస్త పెరగడం. "నువ్వూ చింతామణిలో నర్సింగ్ హోము వదిలిపెట్టి ఇట్లనే ఆసుపత్రికి పోయినావంట కదవ్వా, అప్పుడు మీ ఊర్లో ఏం పంచినారు?" అని నవ్వుతూ అడిగింది. నేను లోటా తీసుకొని లోపలికి వెళ్ళిపోయాను. చిన్నపిల్ల మాటకు కోపం వచ్చి కాదు. జవాబు పొడుగు, దాని బస్సుకు వేళయింది. కూర్చొని నిదానంగా చదివే తీరిక నా ఈడువాళ్ళకే ఉంటుంది కాబట్టి మీకు రాస్తున్నాను.

మాది సాదలి. అప్పట్లో ఆ సీమంతా కోలారు జిల్లా. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో దిద్దేది కన్నడం. నాలుగో క్లాసు అయ్యీ కాకముందే ఊరికి అమ్మవారు వచ్చింది, నాకూ పోసింది. ప్రాణం మిగిలింది గానీ ముఖమంతా గుంటలు పడ్డాయి, ఆ ముఖంతో మళ్ళీ బడికెందుకని మాన్పించారు. తెలుగు రాయడం చాలా తరువాత, రోగులు చదివి పడేసిన పత్రికల్లో అక్షరం పక్కన అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నది, తప్పులుంటే సర్దుకొని చదవండి. మా నాయన నా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో ఉండేది అమ్మ, అన్న, వదిన, నేను. పెళ్ళీడు వచ్చాక బాగేపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్ళు దీపాలు పెట్టే వేళకు వచ్చి, నన్ను చూసి, సరేనన్నారు. మర్నాడు పొద్దున నేను పెరట్లో ఎండలో నిలబడి పేడకళ్ళెత్తుతూ ఉండగా చూసి, బండి కట్టుకొని వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఆ పిల్లవాడి తల్లి మా వదినతో, "దీపం ఆర్పినాక ఎవురైనా ఒకటే, పగలు ఎట్ల చూసేదమ్మా?" అన్నది నాకు వినబడింది. వదిన ఆ మాటను జాగ్రత్తగా దాచుకొని, నా మీద విసుగు పుట్టినప్పుడల్లా బయటికి తీసేది.

ఇంట్లో ఇక నాకు జరగదని కనిపెట్టింది మా అమ్మే. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మా పట్టుగూళ్ళు కొనే షావుకారి భార్య చింతామణిలో ఒక నర్సింగ్ హోములో కాన్పుకు చేరిందని తెలిసి, నన్ను వెంటబెట్టుకొని అక్కడికి పోయి, ఆ షావుకారమ్మ చేత చెప్పించి పనిలో పెట్టించింది. ఊళ్ళో మాత్రం, మా పాప ఒక డాక్టరు ఇంట్లో పనికి కుదిరిందని చెప్పింది. ఆ ఒక్క మాటను అంత గట్టిగా పట్టుకొని ఎందుకు చెప్పిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

నర్సింగ్ హోమంటే ఇప్పటిలా అద్దాల మేడ అనుకోకండి. పెంకుటిల్లు, ముందు వసారాలో డాక్టరయ్య కుర్చీ, లోపల నాలుగైదు గదులు, వెనక బొగ్గుల కుంపటి మీద ఎప్పుడూ ఉడుకుతూ ఉండే సూదుల గిన్నె. డాక్టరయ్య మెత్తని మనిషి. నడిపేది ఆయన భార్య, డాక్టరమ్మ అనేవాళ్ళం, ఆమె చదివిన చదువేమిటో ఎవరికీ తెలియదు. ఆమె దగ్గరే నేను పక్క వేయడం, ఎనిమా ఇవ్వడం, బిడ్డకు స్నానం చేయించడం నేర్చుకున్నాను. చిరిగిన చీరలను ఉతికి, చించి, ఉడకబెట్టి, ఎండబెట్టి మడతలు పెట్టేవాళ్ళం, దూది అనేది కళ్ళకద్దుకొని వాడేవాళ్ళం. ఈ కాలంలో ఒక్కో డ్రెస్సింగుకు పడేసే గుడ్డ చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చేరేవాళ్ళంతా కలిగినవాళ్ళు, షావుకార్ల ఇళ్ళవాళ్ళు, పెద్ద రైతుల ఇళ్ళవాళ్ళు. కడుపుతో ఉన్నవాళ్ళు నా ముఖం చూస్తే బిడ్డకు గుంటలు వస్తాయని వాళ్ళ అత్తగార్లు చెప్పడం వల్ల, కాన్పు కాని ఆడవాళ్ళ గదిలోకి పోవాలంటే కొంగు ముఖం మీదికి లాక్కొని పోవాలని డాక్టరమ్మ కట్టడి చేసింది. కాన్పు అయ్యాక తీసేయవచ్చు. నేను నేర్చిన నర్సు పని సగం కొంగు చాటునుంచి చూసి నేర్చిందే.

అక్కడ ఇంకొక కట్టడి ఉండేది. ఆ ఇంట్లో ఎవరూ చచ్చిపోకూడదు. రోగి చేయిదాటుతోందని డాక్టరయ్య కళ్ళతో చెప్పగానే డాక్టరమ్మ జట్కా పిలిపించి, రైల్వే స్టేషనుకు చేర్పించి, చిన్న రైల్లో చిక్కబళ్ళాపురం ధర్మాసుపత్రికి పంపించేసేది. చిన్న రైలు మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది, చింతామణి నుంచి శిడ్లఘట్ట మీదుగా పోయేది, దాని వేగం పక్కన పోయే మేకల కాపరి పలకరించి కబుర్లు చెప్పేంత. శవం బయటికి వస్తే నర్సింగ్ హోముకు పేరు పోతుంది. ధర్మాసుపత్రికి ఎట్లాగూ పేరు లేదు కదా. అందువల్ల మా సీమలో జనానికి ఒక లెక్క కుదిరిపోయింది, నర్సింగ్ హోమంటే బిడ్డలు పుట్టేచోటు, ఆసుపత్రంటే మనుషులు చచ్చేచోటు. ఆ లెక్క ఎట్లా కుదిరిందో తెలిసినవాళ్ళం డాక్టరమ్మ, జట్కావాడు, నేను.

అట్లా పంపినప్పుడు తోడు పోయేది నేనే. ఒకసారి బాగేపల్లి దిక్కు నుంచి వచ్చిన ఒక రైతు కోడలికి కాన్పు తరువాత నెత్తురు ఆగలేదు. రైలెక్కించాము. శిడ్లఘట్ట దాటేసరికి ఆమె ఒంట్లో వెచ్చదనం తగ్గుతూ ఉండడం నా ఒడికి తెలిసింది. అత్తగారు నా చేయి గిల్లి, నిద్రపోతోందని చెప్పు, లేకుంటే రైల్లోంచి దించేస్తారు అన్నది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు పాపం నిద్రపోనీండి అని జరిగి చోటిచ్చారు. ఆసుపత్రి వసారాలో దించేసరికి అక్కడి సిస్టరమ్మ వచ్చి చూసింది. మంగళూరు దిక్కు మనిషి, పొడుగ్గా, ఎముకలు తేలి, నవ్వు అనేది ఎరగనట్టు ఉండేది. మీ చింతామణివాళ్ళు మాకు పంపేదంతా కాటికి పంపాల్సిన సరుకే అని కన్నడంలో తిట్టింది. తిడుతూనే ఆ చచ్చిపోయిన పిల్ల చీర సర్ది, కళ్ళు మూసి, తల కింద తువ్వాలు మడిచి పెట్టింది. నా ముఖం వంక రెండోసారి చూడలేదు. నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయా, కన్నడం చదవగలవా అని రెండు మాటలు అడిగి, తక్కువ చదువున్నవాళ్ళకు ఇక్కడే కాన్పుల పని నేర్పించి ఉద్యోగం ఇస్తున్నారు, కొంగు తీసి పనిచేయాలనుకుంటే రమ్మన్నది.

నేను పోయాను. ఎవరినీ అడగలేదు. డాక్టరమ్మ, "ఇంత నేర్పినాక పీనుగులు మోయను పోతాండావా?" అని, నేను ఇస్త్రీ చేసి పెట్టిన తెల్లచీర తిరిగి తీసేసుకుంది.

కొత్త తెల్లచీర ఆసుపత్రివాళ్ళే ఇచ్చారు. అక్కడ ఎవరి ముఖాలు ఎట్లా ఉన్నాయని అడిగే తీరిక ఎవరికీ లేదు. పడకకొక నంబరు, నంబరుకొక చీటీ, కులమేదైనా ఊరేదైనా అందరికీ ఒకే గంజి. నర్సింగ్ హోములో అక్కా, అమ్మా అని పిలిచి కాళ్ళు పట్టడం అలవాటైన నేను, ఇక్కడ అట్లా పిలిస్తే, నీకు వార్డు నిండా అక్కలుంటే ఎవరికి ముందు మందిస్తావు అని సిస్టరమ్మ అందరి ముందూ నిలబెట్టి అడిగేది. ఆమె చేతి కింద ఏడవని పిల్ల మాలో లేదు. అయినా నేను జీవితంలో మొదటిసారి ముఖమెత్తి నడిచిన రోజులు అవి.

మొదటి జీతం రాగానే అమ్మకు ఒక దుప్పటి కొనుక్కొని సాదలికి పోయాను. తెల్లచీరతోనే పోయాను, కాస్త గర్వంగానే. అదే పొరపాటు.

మీలో పట్టుపురుగులు మేపిన ఇళ్ళవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు, మిగిలినవాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ రోజుల్లో పురుగులకు వేరే షెడ్లు ఎక్కడివి? మనుషులుండే ఇంట్లోనే, వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి వాసాల దాకా పేర్చి, మనుషులు మధ్యలో సందుల్లో పడుకునేవాళ్ళు. పురుగు చాలా నాజూకు, గాలి పడకున్నా, వాసన తగిలినా ముడుచుకొని చచ్చిపోతుంది. దానితోపాటు ఇంకొక నమ్మకం, పురిటి ఇంటినుంచి గానీ చావు ఇంటినుంచి గానీ వచ్చిన మనిషి గడప దాటితే తట్టలు తట్టలే పోతాయని. పంట పోతే ఇల్లు పోయినట్టే. డాక్టరు ఇంట్లో పని అని మా అమ్మ ఎందుకంత గట్టిగా చెప్పుకున్నదో ఆ రోజు తెలిసింది. వదిన గేటు దగ్గరే చేయి అడ్డం పెట్టింది.

"యాడికమ్మా లోపలికి వస్తాండావు? ఆ చీర చూస్తే చాలు, పీనుగులాసుపత్రి వాసన ఈడిదాకా కొడతాండాది. లోపల పురుగు ఉండాది."

స్నానం చేసి వస్తానన్నాను. బావి దగ్గర నీళ్ళు పోసుకొని పాతచీర కట్టుకొని వస్తానన్నాను. దానికి, లోపల పట్టింది నీళ్ళు పోస్తే పోతుందా అన్నది. అమ్మ దుప్పటిని గేటు మీదుగా అందుకొని, ఆవుల కొట్టం మీద ఎండలో పడేసింది, దాన్నీ ఇంట్లోకి తీసుకుపోలేదు. నాకు అన్నం గేటు బయట చింతచెట్టు కింద పెట్టింది. నేను తింటూ ఉంటే పక్కన కూర్చుంది, నాకు తగలకుండా కొంచెం ఎడంగా. మా సీమలో ఒక పంట దిగేసరికి ఇంకొక పంట గుడ్లు వస్తాయి, ఏడాదిలో ఇల్లు పురుగు లేకుండా ఉండే రోజులు బహు తక్కువ. అట్లా పుట్టిల్లు నాకు చింతచెట్టు నీడ దాకే మిగిలింది. నా తోటి నర్సులకు కూడా ఆ సంగతి చెప్పుకోలేదు, చెప్పినా మంగళూరు దిక్కు నుంచి వచ్చినవాళ్ళకు పురుగేమిటి, మైలేమిటి అర్థం కాదు.

ఆ తరువాత రెండో ఏడో, మూడో ఏడో, ఒక మధ్యాహ్నం మా చిన్నాయన ఆసుపత్రికి వచ్చాడు. శిడ్లఘట్టకు గూళ్ళు తీసుకొచ్చి, అక్కడినుంచి నాకోసం చిక్కబళ్ళాపురం దాకా వచ్చాడు. వసారా మెట్ల కిందే నిలబడి చెప్పాడు, మా అమ్మ కాలికి తోటలో మల్బరీ మోడు గుచ్చుకున్నదని, పసుపూ సున్నమూ పెట్టి కట్టారని, పుండు మానిపోయినట్టే ఉంది గానీ నిన్నటినుంచి నోరు తెరిచి ముద్ద తినడం లేదని, వదినేమో ముసలామె అలిగింది అంటోందని. నోరు తెరవలేని మనుషులను నేను ఆ ఆసుపత్రిలో అప్పటికే చాలామందిని చూశాను. సిస్టరమ్మను అడిగితే ఒక పూట సెలవిచ్చి, తొందరగా తీసుకురా, ధనుర్వాతానికి మందు దొరుకుతుంది గానీ ఆలస్యమైతే మందు ఉన్నా లేనట్టే అన్నది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు సాదలికి పోయాను. ఇంట్లో పురుగు పెద్దమేత మీద ఉంది, అంటే గూడు కట్టే ముందు ఆఖరి మేత. ఆ వారం రోజులు పురుగు తినే ఆకు అంతా ఇంతా కాదు, మనిషి నిద్ర మానుకొని ఆకు వేస్తూనే ఉండాలి. ఆ తరువాత చంద్రిక ఎక్కిస్తారు, చంద్రికంటే వెదురు బద్దలతో చుట్టలు చుట్టలుగా అల్లిన పెద్ద తడక, దాని మీద పురుగు గూడు కడుతుంది. అక్కడిదాకా వచ్చిన పంట పోతే ఆ ఇల్లు కోలుకోవడం కష్టం. అమ్మను వసారాలో చాప మీద పడుకోబెట్టారు. గేటు బయట నిలబడితే ఆమె ముఖం నాకు బాగా కనిపిస్తోంది.

మా వదిన గంప కింద పెట్టి, "చూడమ్మా, నువ్వు వచ్చినావని ఎట్ల నవ్వుతాండాదో. పొద్దుటినుంచి ఇట్లనే నవ్వుతా ఉండాది. ఆమెకేం కాలేదులే" అన్నది.

అది నవ్వు కాదు. పళ్ళు బిగుసుకొని, పెదవులు రెండు పక్కలకూ లాగుకుపోయి, నుదురు ముడిపడి ఉంది. ఆ జబ్బు మనిషి ముఖాన్ని అట్లా బిగించి పెడుతుంది. కళ్ళు మాత్రం అమ్మవే. మా అన్నను పిలిచి, ఇది ధనుర్వాతం, ఇప్పుడే తీసుకుపోవాలి, బండి కట్టు అన్నాను. అన్న చెడ్డవాడు కాదు, ఆ మాట రాయకపోతే అన్యాయమవుతుంది. లోతుకు పోయిన కళ్ళతో, ఆకు మరకల చేతులతో వచ్చి నిలబడ్డాడు. సొంత తోటలో ఆకు అయిపోయి, దిబ్బూరహళ్ళిలో ఆకు కొన్నాడట, బండి అక్కడికి పోయింది.

"ఆకు రాకుంటే మాపుకి పురుగు పస్తుంటాది. నాలుగు దినాలు ఓర్చుకోమ్మా, పురుగు చంద్రిక ఎక్కనీ."

"ఎక్కేదాకా అమ్మ ఉండదన్నా."

"నీకు దినామూ చావులే కదా కనపడేది. అందరూ చచ్చేవాళ్ళ మాదిరే కనపడతారు."

నేను గేటు గొళ్ళెం మీద చేయి వేశాను. అప్పుడు మాట్లాడింది మా అమ్మ. బిగిసిన పళ్ళ మధ్యనుంచి ఒక్కొక్క మాటే తోసుకుంటూ, "అమ్మీ. రావద్దు. పురుగు పోతాది" అన్నది. వదిన అన్నా, అన్న అన్నా నేను ఆ రోజు ఆగేదాన్ని కాదు. చాప మీద పడుకొని, తన కూతురు తన దగ్గరికి రావద్దని చెప్పడానికే మిగిలిన ఊపిరంతా ఖర్చుపెట్టింది మా అమ్మ. గొళ్ళెం మీదినుంచి చేయి తీసేశాను.

సాయంత్రం ఆకుబండి రాగానే దానిమీదే పంపిస్తానని అన్న ఒట్టు పెట్టుకున్నాడు. మందు ఆసుపత్రిలో సిద్ధంగా లేకపోతే బెంగళూరు నుంచి తెప్పించాలి, నేను ముందు పోయి చెప్పి ఉంచితే మేలు అని బస్సెక్కాను. మందు వచ్చింది. బండి రాలేదు. మర్నాడూ రాలేదు. ఆకు ఆలస్యంగా వచ్చిందట, ఎద్దులు అలిసిపోయాయట, మేత వేసేవాళ్ళు చాల్లేదట. ఆ మరునాడు ఎండ ఎక్కాక బండి వచ్చింది. గతుకు గతుకుకూ అమ్మ ఒళ్ళు విల్లులా వంగుతూ వచ్చిందని అన్నే చెప్పాడు, చెబుతూ గోడకు తల ఆనించుకున్నాడు.

సిస్టరమ్మ అమ్మను వసారా చివర ఉన్న చీకటి గదిలో పడుకోబెట్టించింది. ధనుర్వాతం రోగికి వెలుతురు పడినా, చప్పుడు వినబడినా, చేయి తగిలినా ఒళ్ళు బిగుసుకొని ఊపిరి ఆడదు. కిటికీలకు గోనెలు కట్టి, తలుపు కింద గుడ్డలు కుక్కి, చెప్పులు విడిచి పోయేవాళ్ళం అటువంటి గదుల్లోకి. ఆ పని నాకు బాగా వచ్చు, చాలామందికి చేశాను. నేనే చూసుకుంటానని అడిగాను. సిస్టరమ్మ కుదరదన్నది. సొంతవాళ్ళను సొంతవాళ్ళు చూడకూడదనేది ఆసుపత్రి కట్టడి, అదొక్కటే అయితే బతిమాలుకునేదాన్ని. నీ అడుగు చప్పుడు ఆమెకు తెలుసు, నీ ఊపిరి తెలుసు, నువ్వు ఏడవకుండా పక్కన నిలబడినా ఆమె ప్రాణం నీవైపు లేస్తుంది, లేచిందంటే ఒళ్ళు బిగుసుకుంటుంది, నువ్వు పోయి చంపుతావా అని అడిగింది. నన్ను కాన్పుల వార్డుకు మార్చింది. మధ్యలో ఒక్కటే గోడ.

ఇంట్లో పురుగు కోసం రావద్దన్నారు, ఆసుపత్రిలో అమ్మ కోసం రావద్దన్నారు. గోడకు ఇవతల నేను బిడ్డలను తలకిందులుగా పట్టుకొని వీపు తట్టి ఏడిపిస్తూ ఉన్నాను, ఆ ఏడుపు అవతలికి వినబడుతుందేమోనని తలుపు మూసి గుడ్డ కుక్కి మరీ. నర్సింగ్ హోములో అయితే, డాక్టరమ్మ ఎంత కఠినురాలైనా, ఒక దీపం పెట్టుకొని తల్లి పక్కన కూర్చోనిచ్చేది, ఆ రోజంతా నాకు అదే తలపు. కూర్చోనిచ్చి, చేయిదాటగానే రైలెక్కించేది కూడా. అదీ తెలుసు.

రెండో రోజు సాయంత్రం నేను గిన్నెలు కడుగుతూ ఉండగా సిస్టరమ్మ వచ్చి నిలబడింది.

"ఇంక ఆమె నా పేషెంటు కాదు, నీ తల్లి. పో" అన్నది.

గోనెలు తీసేసి ఉన్నాయి. నేను అమ్మను రెండు మూడేళ్ళ తరువాత ముట్టుకున్నది అప్పుడే. ఒళ్ళు కడిగాను, తల దువ్వాను. ముఖం మాత్రం ఇంకా నవ్వుతున్నట్టే ఉంది, ఎంత సర్దినా పెదవులు కలవలేదు.

బయట అన్న మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. ఊరికి కబురు పంపాలి, చిన్నాయన వాళ్ళను పిలిపించాలి అన్నాను. అన్న నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను నర్సునయ్యాక తను నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. మన ఆచారం మీకు తెలుసు, చావు వార్త చెవిన పడిన క్షణం నుంచే మైల, వినేదాకా మైల లేదు. కబురు అందితే ఇంట్లో ఎవరూ తట్టలు ముట్టకూడదు, ఆకు వేయకూడదు, రేపో ఎల్లుండో చంద్రిక ఎక్కాల్సిన పురుగంతా నోరు తెరుచుకొని చస్తుంది. "వాళ్ళు వినకుంటే చాలమ్మా. అమ్మకూ అదే కదా కావాల్సింది" అన్నాడు. అమ్మకు అదే కావాలని నా చెవులతోనే విన్నాను.

చిక్కబళ్ళాపురం శ్మశానంలో అమ్మను కాల్చాము. మోయడానికి ఆసుపత్రి జవాన్లు వచ్చారు, సిస్టరమ్మ గేటుదాకా వచ్చి నిలబడింది. ఊళ్ళో ఒక్క ఇంట్లోనూ పొయ్యి ఆగలేదు. ఆ తరువాత అన్న, చూసేవాళ్ళకు రోగికి తోడున్నట్టు కనిపించాలని, ఆసుపత్రి వసారాలోనే పడుకున్నాడు, హోటల్లో ఇడ్లీ తిని వచ్చి ఆ ఖాళీ గదికి ఎదురుగా కూర్చునేవాడు. చిన్నాయన మళ్ళీ వచ్చాడు. అన్న తల వంచుకొని బాగుంది బాగుంది అన్నాడు. చిన్నాయన నమ్మలేదు, నావైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. వాడిదేముంది, నువ్వు నర్సువి కదా. ఎట్లుండాది మా వదినకు?"

నన్ను గేటు దాటనివ్వని ఊళ్ళో, నా మాటకు మాత్రం అంత విలువ ఉండేది.

"మంచి నిద్రలో ఉండాది చిన్నాయనా. లేపకూడదు" అన్నాను.

ఆయన చెప్పులు విడిచి, మూసిన తలుపుకు దూరంనుంచే దండం పెట్టి, ఇంట్లో పురుగు బ్రహ్మాండంగా ఎక్కిందని చెప్పు, విని సంతోషపడుతుంది అని వెళ్ళిపోయాడు.

గూళ్ళు అమ్మిన తరువాత ఊరికి చావు తెలిసింది. అప్పుడు ఏడ్చారు, అప్పుడు తలకు నీళ్ళు పోసుకున్నారు, అప్పుడు కర్మ చేశారు. పురుగు లేదు కాబట్టి నన్ను లోపలికి రానిచ్చారు. ఇల్లంతా సున్నం కొట్టి, తట్టలు కడిగి బోర్లించి, బోసిగా ఉంది. వదిన నన్ను కౌగిలించుకొని ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. ఆ ఏడు మా ఇంటి గూళ్ళంత గట్టి గూళ్ళు ఊళ్ళో ఎవరికీ రాలేదని, అది అమ్మ పుణ్యమేనని వచ్చినవాళ్ళంతా అన్నారు. అన్న ఆ పంట మీద నాకొక నూలుచీర పెట్టాడు. కట్టుకోవడానికి ఒళ్ళొప్పలేదు, పారేసేంత దుబారా నాకు చేతకాదు. చించి, ఉడకబెట్టి, వార్డులో పుట్టిన బిడ్డలను చుట్టడానికి వాడాను, చాలాకాలం వచ్చింది.

ఆ ఆసుపత్రిలోనే కాంపౌండరుగా ఉన్న మనిషిని చేసుకున్నాను, పిల్లలు పుట్టారు, వెంట్రుకలు నెరిసేదాకా అక్కడే పనిచేశాను. అన్న పోయినప్పుడు మాత్రం కబురు వెంటనే వచ్చింది. అవి పురుగు లేని రోజులు.

పోయినేడు అన్న మనవడు బలవంతం చేస్తే సాదలికి పోయాను. ఇప్పుడు పురుగు ఇంట్లో లేదు. తోట మధ్యలో పొడుగాటి షెడ్డు, సిమెంటు నేల, కిటికీలకు సన్నని జల్లెడ. తట్టలు పోయి పొడుగాటి అరలు వచ్చాయి. వాకిట్లో ఒక తొట్టిలో మందు నీళ్ళు, పక్కన సబ్బు, తువ్వాలు. ఆ ఇంటి కోడలు, డిగ్రీ చదివిన పిల్ల, పురుగు మీద చేయి వేసి నాకు చూపించడానికి పిలిచింది. నేను అలవాటు చొప్పున గడప ఇవతలే ఆగాను. నేను ఎక్కడ పనిచేశానో, ఎంతమందిని పుట్టించానో, ఎందరి కళ్ళు మూశానో ఆ పిల్లకు తెలుసు. తెలిసీ ఒకే ఒక్క మాట అడిగింది.

"చేతులు కడుక్కుంటివా అవ్వా? అయితే రా."

కడుక్కొని లోపలికి పోయాను. పురుగు పెద్దమేత మీద ఉంది. ఏ పురుగూ ముడుచుకోలేదు, ఏదీ చావలేదు. నేను ఎంతసేపు నిలబడ్డానో ఆ పిల్లకు విసుగు పుట్టి ఫోను చూసుకోవడం మొదలుపెట్టింది. కాలం మంచిదే అయింది, కాదనను, ఇప్పటి పిల్లలకు బుద్ధి ఉంది, మందులున్నాయి, రోడ్లున్నాయి. సబ్బు మాత్రం అప్పుడూ ఉండేది. ఆ రోజు పొద్దున గేటు దగ్గర ఎవరైనా నన్ను ఆ ఒక్క మాట అడిగి ఉంటే, మోచేతుల దాకా తోముకొని చూపించేదాన్ని.